ముప్పైయొకటో తేదీ లోపల

అల్ రాయ్, కువైట్
ఫిబ్రవరి 20, గురువారం

నా భార్య ఆసియా బీకి షావలి సలాం చెప్పి రాసుకునేది.

ఇక్కడ నేను బాగున్నాను. ముప్పై ఏళ్ళుగా ప్రతి ఉత్తరం ఈ మాటతోనే మొదలుపెడుతున్నాను. జ్వరంతో దుప్పటి కప్పుకుని రాసినప్పుడు కూడా ఇదే రాశాను, నువ్వూ నమ్మినట్టే జవాబిచ్చావు. ఈసారి మాత్రం అలవాటు కొద్దీ రాయడం లేదు. నా ఒంట్లో ఏ రోగమూ లేదు. నువ్వు, నీ దగ్గర బొంతలు కుట్టడానికి వచ్చే ఆడవాళ్ళు అందరూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చూసి నిమ్మళించాను.

ఈ ఉత్తరం తెచ్చిచ్చే షాహజాదికి కాఫీ ఇచ్చి పంపు. జహ్రాలో ఏడేళ్ళుగా ఒకే ఇంట్లో పనిచేస్తోంది, మంచి పిల్ల. ఫోను ఉండగా ఉత్తరమెందుకు మామా అని నవ్వింది. నీ ఫోను సంగతి ఆమెకు తెలియదు కదా. నువ్వు దాన్ని స్పీకరులో పెట్టి మంచం మీద పడేస్తావు, నేను మాట్లాడేది నీతోనో సూదీ దారం పట్టుకున్న నలుగురితోనో నాకే తెలియదు. పైగా ఈమధ్య నీ పక్కన రెడ్డెమ్మ కూర్చుని ఉంటోంది. ఇది ఆమె వింటుండగా ఫోనులో చెప్పే మాట కాదు. ఎందుకో చదువుతూ పోతే తెలుస్తుంది.

నీ ఉత్తరం మొన్న అందింది. మూడు సంగతులు అడిగావు. మొదటిది కళ్ళజోడు. మార్చుకున్నాను. ఇది దానితోనే రాస్తున్నాను, అందుకే వరసలు వంకరపోలేదు.

రెండోది, అల్లాబకష్ ఇంటి వైపు నుంచి నీ చెవిన పడిన మాట: షావలికి రెండు కిడ్నీలూ పాడయ్యాయట, కంపెనీ ఇంటికి పంపుతోందట అని. అల్లాబకష్ నాతోపాటు గోడౌనులో పనిచేసేవాడు. అతను అబద్ధం చెప్పలేదు. గోడౌనులో అందరికీ తెలిసింది అదే. నా కిడ్నీలు మాత్రం ఇనుప ముక్కల్లా ఉన్నాయి.

మూడోది, రెడ్డెమ్మ మొగుడు చిన్నపుల్లయ్య పది రోజులుగా ఫోను ఎందుకు ఎత్తడం లేదని. ఇక్కడ ఎవతెనన్నా పెట్టుకున్నాడేమో కనుక్కోమని రెడ్డెమ్మ ఏడ్చిందని రాశావు. అలాంటిదేమీ లేదు. ఈ ఒక్క మాట ఆమెకు ఇప్పుడే, ఇక్కడ చదవడం ఆపి, చెప్పు. మనిషి బతికే ఉన్నాడని కూడా చెప్పు. తర్వాత లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసుకుని మిగతాది చదువు.

రెండోదానికీ మూడోదానికీ జవాబు ఒకటే. దానికి కాస్త చుట్టూ తిరిగి రావాలి. నేను చుట్టూ తిరగకుండా చెప్పింది జీవితంలో ఏదైనా ఉంటే అది మన నిఖాలో ఖుబూల్ అన్న మాట ఒక్కటే.

మా కంపెనీ అందరికీ ఒక ఇన్సూరెన్సు కార్డు ఇచ్చిందని నీకు చెప్పాను. పళ్ళకు, కళ్ళకు, రక్తపరీక్షలకు ఏడాదికి నూటయాభై దినార్లు అందులో ఉంటాయి. చేతికి ఇవ్వరు, ఆస్పత్రిలోనే ఖర్చుపెట్టుకోవాలి. డిసెంబరు ముప్పైయొకటో తేదీ లోపల వాడుకోకపోతే ఖలాస్, ఆ డబ్బు లేనట్టే. మరుసటి ఏడాదికి కలవదు.

ఇంక చూడు, పదకొండు నెలలు పంటినొప్పితో లవంగం నమిలినవాడు కూడా డిసెంబరు రాగానే రోగి అయిపోతాడు. కార్డును మా గోడౌనులో బండ్ల ఆయిలు డబ్బాల మీద గడువు తేదీని చూసినట్టు చూస్తారు. మా లెక్కలు రాసే ఈజిప్టు ఆయనకు చూపు డేగలా ఉంటుంది, మూడు జతల కళ్ళజోళ్ళు చేయించుకున్నాడు. ఒకాయన ఉన్న పళ్ళను మూడు వారాల్లో మూడుసార్లు శుభ్రం చేయించుకుని, ఇప్పుడు చల్లనీళ్ళు తాగలేక ఏడుస్తున్నాడు. నవ్వుతూ రాస్తున్నానే గానీ నేనేమీ తక్కువ తినలేదు. కళ్ళజోడు చేయించుకున్నాను, వెనక దవడ పన్ను పీకించుకున్నాను. ఇంకా అరవై దినార్లు మిగిలాయి.

మిగిలినదాన్ని వదలడం మనకు చేతకాదు. మా అమ్మ సంగటి కుండను కడిగిన నీళ్ళు కూడా పారబొయ్యకుండా గేదెకు పోసేది. ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి, అరవై దినార్లు ముప్పైయొకటో తేదీ గాలిలో కలిసిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. అప్పుడు చిన్నపుల్లయ్య గుర్తొచ్చాడు.

వాడికి అప్పటికి మూడు నెలలుగా బాగాలేదు. మొహం ఉబ్బేది, సాయంత్రానికి కాళ్ళు బూరెల్లా అయ్యేవి. సబా అల్ సలేంలో ఒకే ఇంటి బండి పద్నాలుగేళ్ళుగా నడుపుతున్నాడు కదా, నడుంనొప్పికి రోజుకు మూడు నాలుగు మాత్రలు శనగల్లా నోట్లో వేసుకునేవాడు. సర్కారు ఆస్పత్రికి పోరా అంటే పోడు. వాడి భయం వాడిది. రోగమని వాడి పేరుమీద ఎక్కితే వీసా ఇచ్చి పెట్టుకున్న కఫీలుకు తెలుస్తుంది, కఫీలుకు తెలిస్తే పిల్లల్ని బడికి తీసుకుపోయే బండి రోగిష్టి చేతికివ్వడు, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం కొట్టడు, టికెట్టు చేతిలో పెడతాడు. అట్లా పోయినవాళ్ళను ఇద్దరు ముగ్గురిని మేమిద్దరమూ చూశాం కూడా.

నువ్వు వాణ్ణి చిన్నప్పుడు చంకన మోసిన పిల్లవాడివలె చూస్తావు. అక్కా అని నిన్ను పిలిచాడు కాబట్టి నన్ను బావా అన్నాడు, ఇక్కడ నాకు ఉన్న ఒక్క చుట్టం వాడే. డిసెంబరు ఇరవైయేడు, శుక్రవారం మధ్యాహ్నం, వాడికి సెలవు. నా కార్డు మీద, నా సివిల్ ఐడీ మీద, షావలి అనే పేరుతో వాణ్ణి రక్తపరీక్షకు తీసుకుపోయాను.

ఫోటో చూడరా అని అడుగుతావు. ఆ ఫోటో పన్నెండేళ్ళనాటిది. దాంట్లో ఉన్నది ఒక మీసం, ఒక బట్టతల. చిన్నపుల్లయ్యకు రెండూ ఉన్నాయి. కిటికీ అవతల కూర్చున్న అమ్మాయి కంప్యూటరులో నంబరు చూస్తుంది, మన మొహం చూడదు. ఇక్కడ మనిషికి కాగితమే మనిషి ఆసియా. ఇఖామాలో వంటవాడని ఉంటే, జీవితంలో గుడ్డు ఉడకబెట్టనివాడు కూడా పోలీసు ఆపితే వంటవాడే. అట్లా బతకడం మాకు ఎంత అలవాటంటే, తప్పు చేస్తున్నామని ఆ రోజు ఇద్దరికీ అనిపించలేదు. అన్నం పారబొయ్యకుండా ఎవరికో పెడుతున్నట్టే అనిపించింది. బండిలో కూర్చోబెట్టి పాఠం చెప్పించాను. నీ పేరేమి? షావలి. ఏం పని? గోడౌన్ ఇంచార్జి. ఎక్కడ? అల్ రాయ్. పుట్టిన తేదీ రెండుసార్లు తప్పాడు, మూడోసారి చెప్పాడు. వాడు పరీక్ష పాసైన పిల్లవాడిలా లోపలికి పోయాడు.

ముప్పయ్యో తేదీ ఆస్పత్రి నుంచి నాకు ఫోను వచ్చింది, వెంటనే రమ్మని. పోయాను, నేనే, షావలిని. డాక్టరు నన్ను కూర్చోబెట్టి, నా మొహంలోకి చూసి, మీ కిడ్నీలు రెండూ కలిపి ఐదో వంతే పనిచేస్తున్నాయి అని చెప్పాడు. నొప్పి మాత్రలు ఈ రోజే ఆపాలి, వారం లోపల కిడ్నీ డాక్టరు దగ్గరికి పోవాలి, జాగ్రత్తపడితే ఈ ఐదో వంతును కొన్నేళ్ళు నిలబెట్టుకోవచ్చు, లేకపోతే మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాల్సి వస్తుంది అన్నాడు. నా చేయి పట్టుకుని ధైర్యంగా ఉండమన్నాడు. వేరేవాడి చావుకబురును నా పేరుతో విని, నా చేతికి ధైర్యం చెప్పించుకుని బయటికి వచ్చాను.

ఇక్కడ కొంచెం ఆగుతాను. కలం ముందుకు పోవడం లేదు, అందుకని వేరే మాట రాస్తాను. నేను బడిలో చదివింది మూడో తరగతి దాకానే అని నీకు తెలుసు. మిగతా చదువంతా శెట్టి కొట్లో పొట్లాలు కట్టే పాత పేపర్లలో చదువుకున్నదే. అందుకే నా చదువుకు తల ఉంటే తోక ఉండదు. చింతపండు పొట్లం మీద ఒక దొంగతనం వార్త సగం చదివాను, ఆ దొంగ దొరికాడో లేదో తెలియకుండా యాభై ఏళ్ళుగా బతుకుతున్నాను. ఆ చదువు నాకు నేర్పింది ఒకటే, అచ్చులో ఉన్నది నిజమని. చిన్నపుల్లయ్యకు అదీ రాదు, అయినా కాగితాన్ని నాకంటే ఎక్కువ నమ్ముతాడు.

ఆ సాయంత్రమే వాణ్ణి పిలిచి కాగితం చూపించాను. డాక్టరు చెప్పింది చెప్పాను. వాడు కాగితం అటూ ఇటూ తిప్పాడు. పైన ఇంగ్లీషులో నా పేరు ఉన్నచోట వేలు పెట్టి, ఇదేంది అన్నాడు. నా పేరు అన్నాను.

"పేరు నీది, నంబరు నీది. రోగం మాత్రం నాదా? యాడన్నా ఉందా బావా ఈ న్యాయం?" అని నవ్వాడు.

నేనూ నవ్వాను ఆసియా. అదీ నేను చేసింది. రక్తం నీదిరా, రేపే ఆస్పత్రికి పద అని ఆ క్షణంలో వాడి చొక్కా పట్టుకుని ఉండాల్సింది. నవ్వి, మాత్రలు తగ్గించు, ఉప్పు తగ్గించు అని చెప్పి టీ తాగించి పంపాను. ఐదో వంతు అనే మాట రెండోసారి చెప్పలేదు. కొత్త సంవత్సరం పోనీ, నింపాదిగా మళ్ళీ చెబుదాం అనుకున్నాను. అప్పటికి అది బద్ధకం, పిరికితనం. తర్వాత వచ్చింది వేరు. దాన్ని నీకు ఫోనులో వేరే రకంగా చెప్పాను.

జనవరి మధ్యలో మేనేజరు పిలిచాడు. ఇన్సూరెన్సు వాళ్ళ నుంచి నా జబ్బు సంగతి కంపెనీకి చేరింది. మేనేజరు కుర్చీ చూపించి, పాపం, తానే లేచి ఏసీ తగ్గించాడు. మా దగ్గర ఇరవైయేడేళ్ళు పనిచేశావు, ఇట్లాంటి ఆరోగ్యంతో గోడౌనులో ఉంచడం మాకూ మంచిది కాదు, వైద్య కారణం కింద నిన్ను పంపుతాం, నీకు రావలసింది పూర్తిగా, పైన మూడు నెలల జీతం, టికెట్టు ఇస్తాం, ఫిబ్రవరి ఆఖరుకు కాగితాలు అయిపోతాయి అన్నాడు.

ఆరేళ్ళుగా ఇంటికి పోతానంటే, నీ అంతట నువ్వు మానేస్తే ఇంతే వస్తుందని సగం చూపించిన కంపెనీ. నువ్వు ఒంటరిగా కుట్టుకుంటూ ప్రతి ఉత్తరంలో ఎప్పుడొస్తారు అని అడిగిన ఆరేళ్ళు. వేరేవాడి రోగం నా పేరు మీద ఉన్నందుకు తలుపు తెరుచుకుంది. వయసైపోయిందని గౌరవంగా పంపుతున్నారని నీకు ఫోనులో చెప్పాను. నువ్వు ఆ రోజు దర్గాలో చక్కెర పంచావని రాశావు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. చిన్నపుల్లయ్య సర్కారు ఆస్పత్రికి పోతే, నీకు ఎప్పటినుంచి అని అడుగుతారు. వాడు చెబుతాడు, వాడి నోట అబద్ధం నిలవదు. అప్పుడు నా కాగితం నాది కాదని తేలుతుంది. అందుకని నేను ఒక లెక్క వేసుకున్నాను. ఫిబ్రవరి ఆఖరుకు నా సంతకాలు అయిపోతాయి. అవి అయిన మరునాడు వాణ్ణి నేనే చేయిపట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఆరు వారాలే కదా. పద్నాలుగేళ్ళు మాత్రలు మింగినవాడికి ఆరు వారాలు ఏమవుతాయి. ఇట్లా నాకు నేనే డాక్టరునై చెప్పుకున్నాను. ఆ లెక్క మొదలైన మూడు వారాల్లో వాడు నన్ను మూడు శుక్రవారాలు కలిశాడు. ప్రతిసారీ మొహం ఇంకా ఉబ్బి ఉంది. ప్రతిసారీ ఎట్లుంది ఒళ్ళు అని అడిగాను. బాగుంది బావా అన్నాడు. ఆ మాటే నాకు కావలసింది కాబట్టి తీసుకున్నాను.

ఫిబ్రవరి ఆరో తేదీ మిట్టమధ్యాహ్నం వాడి ఫోను నుంచి నాకు ఫోను వచ్చింది. అవతల ఆడమనిషి, అరబ్బీ. వాళ్ళ ఇంటి మామా, అంటే వాడి యజమానురాలు. పిల్లల్ని బడి నుంచి తెస్తూ ఊపిరి ఆడక బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడట. ముందు ఇంజను ఆపి, బ్రేకు వేసి, పెద్ద పిల్లకు ఫోను ఇచ్చి అమ్మకు చెయ్యమన్నాడట. తర్వాత స్టీరింగు మీద వాలిపోయాడు. పిల్లలకు గీత కూడా పడలేదు. రెడ్డెమ్మకు ఇది తప్పకుండా చెప్పు.

నేను పోయేసరికి ముక్కుకు గొట్టం పెట్టి ఉన్నారు. మలయాళీ నర్సు వంగి పేరు అడుగుతోంది, తెలివి ఉందా లేదా చూడటానికి. వాడు కళ్ళు తెరవకుండానే చెప్పాడు: "షావలి. గోడౌన్ ఇంచార్జి. అల్ రాయ్." నర్సు చేతిలోని ఐడీ చూసి, ఈయనకు మతి తప్పుతోంది అని డాక్టరును పిలిచింది. మతి తప్పలేదు. నేను నేర్పించిన పాఠం అది. ఆస్పత్రిలో పేరు అడిగితే ఇదే చెప్పాలని చెప్పాను, వాడు నా మాట తప్పలేదు.

డాక్టరు చిన్న వయసు ఆవిడ, కువైటీ. ఇంతకుముందు ఏమన్నా జబ్బు ఉందా, ఎప్పుడైనా పరీక్ష చేయించారా అని మామాను అడిగింది. మామా లేదంది. నన్ను అడిగింది. ఆ కాగితం మడత పెట్టి నా పర్సులో ఉంది. దాహమని చెప్పి నడవలో నీళ్ళ మిషను దగ్గరికి పోయాను. రెండు గ్లాసులు తాగాను, మూడోది పట్టుకుని నిలబడ్డాను. నా సంతకాలకు ఇంకా ఇరవై రోజులున్నాయి. ఎంతసేపు నిలబడ్డానో నీకు తక్కువ చేసి రాయను. లోపల వాడు గాలికోసం కొట్టుకుంటుంటే, నేను చేతిలో నీళ్ళు పట్టుకుని ఇల్లు, పైకం, నీ మొహం అన్నీ చూసుకున్నాను. మూడో గ్లాసు తాగలేదు. వచ్చి కాగితం ఇచ్చాను.

ఆవిడ చదివింది. "ఇది ఎవరిది? మీదా, ఆయనదా?"

"పేరు నాది. రక్తం ఆయనది."

ఆవిడ నన్ను తిట్టలేదు. తేదీ మీద గోరు పెట్టి, డిసెంబరు, అంది. మళ్ళీ, డిసెంబరు, అంది. ఆ కాగితం వల్ల ఏం చెయ్యాలో తెలిసిందని, వెంటనే మిషను మీదికి తీసుకుపోతున్నామని చెప్పింది. పోతూ పోతూ అడిగింది, ఆ రోజే తెస్తే బాగుండేదని మీకు తెలుసా అని. తెలుసు అన్నాను.

ఇంకొకటి ఉంది, అది రాయడం అన్నిటికంటే కష్టం. వాడి మామా బయట బెంచీ మీద నా పక్కన కూర్చుంది. నల్లటి అబాయా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, వాడు ఎందుకు చెప్పలేదు అని అడిగింది. చెబితే పంపేస్తారని భయపడ్డాడు అన్నాను. మా నాన్న ఆరేళ్ళు వారానికి మూడుసార్లు ఈ మిషను మీద పడుకున్నాడు, ఆయన్ను తీసుకొచ్చి తీసుకుపోయింది చిన్నపుల్లయ్యే, వాడికి తెలియదా మా ఇంట్లో ఈ రోగాన్ని ఎట్లా చూసుకుంటామో అంది. అందరు యజమానులూ ఇట్లా ఉండరు, అది నిజమే. కానీ ఈ ఒక్క ఇంటిని మేము అడిగి చూడలేదు.

మూడు రోజులు పోయాక, ఆదివారం, మా మేనేజరు దగ్గరికి పోయి నేనే చెప్పాను. ఆయన ఈసారి ఏసీ తగ్గించలేదు. ఇన్సూరెన్సు వాళ్ళు కేసు పెట్టకుండా తాను మాట్లాడతానని, నేను నా అంతట మానుకున్నట్టు సంతకం పెట్టి పోవాలని, కార్డు మీద నా పేరుతో వాడిన ఆ డబ్బు నాకు వచ్చే దాంట్లోంచి పట్టుకుంటామని చెప్పాడు. సంతకం పెట్టాను. ఆరేళ్ళ కింద వచ్చేసి ఉంటే ఎంత వచ్చేదో ఇంచుమించు అంతే వస్తుంది. ఈ పైకంతో ఇంటిమీద వేద్దామనుకున్న పై గది మాట ఇంక ఎత్తుకోవద్దు. నువ్వు పంచిన చక్కెర వృథా అయింది, దానికి నన్ను తిట్టు, పడతాను.

చిన్నపుల్లయ్య వారం తర్వాత లేచి కూర్చున్నాడు. ఇప్పుడు వారానికి మూడు రోజులు మిషను. ఆ ఐదో వంతు లేదు, అయిపోయింది. ఇంక రాదని డాక్టరు చెప్పింది. ఊర్లో కూడా ఇట్లాగే చేయించుకోవాలి, కడపలో చేస్తారట, కనుక్కున్నాను. వారానికి మూడుసార్లు తీసుకుపోయి తీసుకురావడం నా పని. అది నేను పుణ్యానికి చేస్తున్నట్టు ఎవరూ అనుకోకూడదు.

వాడికి అంతా చెప్పాను. నవ్విన సంగతి వాడికి తెలుసు. జనవరిలో వేసుకున్న లెక్క తెలియదు, అదీ చెప్పాను. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మరుసటి మిషను రోజు, చేతికి సూది గుచ్చుతుండగా నావైపు చూడకుండా అన్నాడు:

"నువ్వు ఆ పొద్దు గట్టిగా చెప్పినా నేను పోయేవాణ్ణి కాదులే బావా."

అది అబద్ధం. గట్టిగా చెబితే పోయేవాడు. ఐదో వంతు అని ఇంకోసారి చెప్పి, వాడి పిల్లల పేర్లు ఎత్తి ఉంటే, ఏడ్చుకుంటూ పోయేవాడు. నాకోసం తయారుచేసి ఇచ్చాడు ఆ మాటను, రోగంతో మంచం మీద పడుకుని. తర్వాత ఇంకొకటి అడిగాడు.

"రెడ్డెమ్మకు డిసెంబరు మాట చెప్పొద్దు. ఇప్పుడే బయటపడిందని చెప్పు. ఆయమ్మ నిన్ను గడప తొక్కనీదు మళ్ళా."

సరే అన్నాను. వాడి ముందు సరే అనక తప్పలేదు. ఫోను ఎత్తితే రెడ్డెమ్మ గొంతు విని ఏడుస్తానని భయపడి వాడు ఎత్తడం లేదు, పేరు పేరునా అందరినీ అడిగానని చెప్పమన్నాడు. మార్చి ఆరో తేదీ ఇద్దరం ఒకే విమానంలో వస్తున్నాం. టికెట్లు వాళ్ళ మామా తీసింది, వాడికి చక్రాల కుర్చీ కూడా చెప్పింది. చెన్నైలో దిగుతాం. అప్పటికి రంజాను మొదలై ఉంటుంది, నాకోసం ఏమీ వండి పెట్టుకోవద్దు, వాడికి ఉప్పు లేకుండా ఏం చేయాలో మాత్రం రెడ్డెమ్మకు నేర్పు.

వాడికిచ్చిన మాట నేను తప్పుతున్నాను. నాకు నువ్వు మాట ఇవ్వాల్సిన పని లేదు, చేస్తే చాలు. ఇది చదివాక మడిచి పెట్టెలో పెట్టుకోవద్దు. రెడ్డెమ్మను పిలిచి కూర్చోబెట్టి, పైనుంచి కిందిదాకా చదివి వినిపించు. నేను నవ్విన చోటు, ఆరు వారాల చోటు, నీళ్ళ మిషను చోటు దాటేసి చదవొద్దు. నా మీద ప్రేమతో గొంతు తగ్గించవద్దు. ఆమె మధ్యలో లేచి పోతే పోనీ, మళ్ళీ వచ్చినప్పుడు ఆగిన చోటునుంచి చదువు. నా పక్షాన ఒక్క ముక్క కూడా మాట్లాడకు. మేము దిగేసరికి ఆమెకు అంతా తెలిసి ఉండాలి. తన మొగుణ్ణి కుర్చీలో తోసుకుని వచ్చేవాడు ఎవరో తెలుసుకుని ఎదురు రావాలి, లేదా ఆ కుర్చీ నా చేతుల్లోంచి తీసుకోవాలి.

పెళ్ళయి వచ్చిన నాటినుంచి ఆమె నన్ను షావలన్నా అనే పిలిచింది. ఆ పిలుపు ఉంచుతుందో తీసేస్తుందో ఆమె ఇష్టం.

ఇట్లు,
నీ భర్త
షావలి.
రెడ్డెమ్మకు ఏమవుతానో ఆమె చెప్పాక రాస్తాను.